ఇంత సాఫ్ట్‌వేర్ పెట్టినా పని ఎందుకు ముందుకి కదలట్లేదు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: కంపెనీలో ఈఆర్‌పీ (పర్చేజ్, స్టోర్స్, ఎకౌంట్స్ అన్నీ ఒకే చోట నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టి ఏడాది దాటింది, అందరికీ ల్యాప్‌టాప్‌లు ఇచ్చారు, చాట్ టూల్ వచ్చింది, గోడ మీద డ్యాష్‌బోర్డు కూడా వచ్చింది, కానీ ఆర్డర్ వచ్చిన దగ్గర్నుంచి సరుకు బయటికి వెళ్ళేదాకా పట్టే టైమ్ మాత్రం ఎక్కడేసిన గొంగళి అక్కడే. ఇప్పుడు పైవాళ్ళేమో ఐటీ వల్ల ప్రొడక్టివిటీ ఎంత పెరిగిందో నోట్ రాసివ్వమంటున్నారు, మీకేమో అసలు పెరిగిందా అని డౌటు.

నేను పర్చేజ్, స్టోర్స్, ఎకౌంట్స్ వైపు ఇలాంటి సిస్టమ్‌లు పెట్టించే పనిలోనే చాలా ఏళ్ళ నుంచి ఉన్నా, కాబట్టి కొంచెం పొడుగ్గానే చెప్తా. సూటిగా చెప్పాలంటే, ఐటీ వచ్చాక సంస్థలో ఏదో ఒక పని ఇక చేయాల్సిన అవసరమే లేకుండా పూర్తిగా ఆగిపోయుంటే ప్రొడక్టివిటీ పెరుగుతుంది. అదే పని కాగితం మీద నుంచి స్క్రీన్ మీదకి మారి ఊరుకుంటే పెద్దగా ఏం పెరగదు, కొన్ని చోట్ల తగ్గుతుంది కూడా. మీ నోట్‌లో ముందు రాయాల్సింది ఇదే, ఏ పనులు ఆగిపోయాయి అని. ఆ లిస్టు ఖాళీగా ఉంటే మీ డౌటు కరెక్టే అన్నమాట.

ఈ డౌటు మీ ఒక్కరిదీ కాదులెండి. 1987లో రాబర్ట్ సోలో అనే అమెరికన్ ఎకనామిస్టు, ఆయనకి నోబెల్ వచ్చింది కూడా ఆ ఏడాదే, కంప్యూటర్ యుగం ఎక్కడ చూసినా కనిపిస్తోంది ఒక్క ప్రొడక్టివిటీ లెక్కల్లో తప్ప అని రాశాడు. అది వినడానికి వెటకారంలా ఉంటుంది గానీ లెక్కలు నిజంగా అలాగే ఉన్నాయి. అమెరికాలో 1973 నుంచి 1995 దాకా గంట పనికి వచ్చే ఉత్పత్తి ఏడాదికి సుమారు ఒకటిన్నర శాతం చొప్పునే పెరిగింది, అంతకుముందు పాతికేళ్ళలో పెరిగిన వేగంలో దాదాపు సగం, మరి పీసీలు ఆఫీసుల నిండా చేరింది ఈ కాలంలోనే కదా. తర్వాత 1995 నుంచి ఓ పదేళ్ళు అది రెండున్నర, మూడు శాతం మధ్యకి లేచింది, ఆ తర్వాత మళ్ళీ చల్లబడింది. మెకిన్సే వాళ్ళు 2001లో ఆ పెరుగుదలని రంగాల వారీగా విడదీసి చూస్తే దాదాపు మొత్తం ఆరు రంగాల నుంచే వచ్చిందని తేలింది, రిటైల్, హోల్‌సేల్, షేర్ల వ్యాపారం, టెలికాం, చిప్‌లు, కంప్యూటర్ల తయారీ. మిగతావాళ్ళు కంప్యూటర్లు కొనలేదా అంటే కొన్నారు, డబ్బులు బాగానే పోశారు, రిజల్ట్ మాత్రం రాలేదు.

రిటైల్‌నే తీసుకోండి. సూపర్‌మార్కెట్‌లో బార్‌కోడ్ మొదటిసారి స్కాన్ చేసింది 1974లో, తర్వాత స్కానర్ అందరి దగ్గరికీ వచ్చింది. చాలామంది దాన్ని బిల్లు త్వరగా కొట్టడానికి వాడుకున్నారు, అంతవరకే. వాల్‌మార్ట్ ఆ అమ్మకాల డేటాని నేరుగా సప్లయర్లకే చూపించి, కొన్ని సరుకుల్లో స్టాక్ నింపే బాధ్యత కూడా వాళ్ళకే అప్పగించింది. అంటే స్టోర్‌లో ఎవరో షెల్ఫులు చూసి, లెక్క రాసి, ఆర్డర్ పెట్టే పని అక్కడ లేకుండా పోయింది. రెండు చోట్లా ఉన్న మిషన్ ఒకటే.

దీని మీద నాకు బాగా నచ్చిన వివరణ కరెంటు కథ. పాల్ డేవిడ్ అనే ఎకనామిక్ హిస్టోరియన్ 1990లో ఒక పేపర్ రాశాడు, కంప్యూటర్లకి ఇప్పుడు జరుగుతున్నదే ఒకప్పుడు కరెంటు మోటార్లకి జరిగిందని. ఎడిసన్ న్యూయార్క్‌లో పెర్ల్ స్ట్రీట్ పవర్ స్టేషన్ పెట్టింది 1882లో. కానీ ఫ్యాక్టరీల ప్రొడక్టివిటీ అమెరికాలో గట్టిగా పెరిగింది 1920ల్లో, అంటే మధ్యలో నలభై ఏళ్ళు పోయాయి. ఎందుకంటే అప్పటి ఫ్యాక్టరీలో ఒక మూల పెద్ద ఆవిరి ఇంజన్ ఉండేది, దాన్నించి పైకప్పు కింద పొడుగ్గా ఒక షాఫ్టు, ఆ షాఫ్టు నుంచి ఒక్కో మిషన్‌కి బెల్టు. ఎక్కువ పవర్ కావాల్సిన మిషన్ ఇంజన్‌కి దగ్గరగా ఉండాలి, ఒక మిషన్ నడవాలన్నా మొత్తం షాఫ్టు తిరగాలి, బిల్డింగ్ కూడా అంతస్తుల మీద అంతస్తులుగా కట్టుకోవాలి. కరెంటు వచ్చాక ఓనర్లు ఏం చేశారంటే ఆవిరి ఇంజన్ తీసేసి అదే చోట ఒక పెద్ద మోటార్ పెట్టారు, షాఫ్టు అదే, బెల్టులు అవే, మనుషుల నడక కూడా అదే. బొగ్గు ఖర్చు కొంచెం మిగిలిందంతే. ఒక్కో మిషన్‌కి ఒక్కో చిన్న మోటార్ పెట్టడం మొదలయ్యాక గానీ మిషన్లని షాఫ్టు చెప్పినట్టు కాకుండా పని నడిచే వరసలో పేర్చుకోవచ్చని, ఒకే అంతస్తులో వెడల్పుగా ఫ్యాక్టరీ కట్టుకోవచ్చని తట్టలేదు. తట్టినా పాత బిల్డింగులు పోయి కొత్తవి రావాలి, అలా ఆలోచించే ఇంజనీర్లు తయారవ్వాలి. అన్నేళ్ళు అందుకే పట్టింది. మీ ఈఆర్‌పీ చాలావరకు పాత షాఫ్టుకి తగిలించిన కొత్త మోటార్ అయ్యుంటుందని నా అనుమానం.

ఆఫీసు పనిలో ఇదే విషయం ఎలా ఉంటుందో చూడాలంటే ఫోర్డ్ కంపెనీది తీసుకోవాలి, 1990లో మైఖేల్ హామర్ హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాసిన వ్యాసం వల్ల ఇది బాగా ఫేమస్ అయింది. 1980ల్లో ఫోర్డ్‌కి ఉత్తర అమెరికాలో సప్లయర్ల బిల్లులు చెల్లించే డిపార్ట్‌మెంట్‌లోనే 500 మందికి పైగా ఉండేవాళ్ళు. కంప్యూటర్లు పెట్టి ఓ 20 శాతం తగ్గిద్దాం, 400కి తెద్దాం అనుకున్నారు. ఈలోపు జపాన్ కార్ల కంపెనీ మజ్దా వైపు చూస్తే అదే పని అక్కడ 5 మంది చేస్తున్నారు. మజ్దా చిన్న కంపెనీయే, ఒప్పుకుంటా, కానీ ఎంత చిన్నదనుకున్నా తేడా అంత ఉండకూడదు కదా.

చూస్తే గొడవంతా మ్యాచింగ్‌లో ఉంది. పర్చేజ్ వాళ్ళు ఇచ్చే పీఓ (పర్చేజ్ ఆర్డర్) కాపీ, స్టోర్స్ వాళ్ళు సరుకు దిగాక రాసే రిసీట్, సప్లయర్ పంపే ఇన్‌వాయిస్ అంటే బిల్లు, ఈ మూడూ కలిస్తేనే చెక్కు. కలవకపోతే క్లర్కు కూర్చుని ఎవరిది తప్పో వెతకాలి, ఫోన్లు చేయాలి, పేమెంట్ ఆపాలి. ఆ 500 మంది టైమ్‌లో ఎక్కువ భాగం ఈ కలవని కాగితాల వెనకే పోయేది. ఫోర్డ్ వాళ్ళు ఆ వెతుకులాటని స్పీడ్ చేసే సాఫ్ట్‌వేర్ కొనలేదు, ఇన్‌వాయిస్‌నే తీసేశారు. పీఓ డేటాబేస్‌లో ఉంటుంది, సరుకు గేటు దగ్గరికి రాగానే స్టోర్స్ మనిషి స్క్రీన్‌లో చూస్తాడు, పీఓతో సరిపోతే దింపుకుంటాడు, పేమెంట్ దానంతటదే వెళ్తుంది, సరిపోకపోతే లారీ వెనక్కి. సప్లయర్లకి ఇన్‌వాయిస్ పంపొద్దని చెప్పేశారు. ఆ డిపార్ట్‌మెంట్‌లో మనుషులు 75 శాతం తగ్గారు. ఇందులో టెక్నాలజీ అంటే ఒక డేటాబేస్, ఒక టెర్మినల్, ఇవాళ్టి లెక్కల్లో అది అసలు టెక్నాలజీయే కాదు. కష్టమైంది వేరే, గేటు దగ్గర నిలబడే స్టోర్స్ మనిషి ఓకే అంటే కంపెనీ డబ్బు కదిలే అధికారం ఇవ్వడం. ఎకౌంట్స్ వాళ్ళ చేతిలోది అక్కడికి వెళ్ళింది. చాలా కంపెనీలు ఆగిపోయేది ఇక్కడే, సాఫ్ట్‌వేర్‌కి బడ్జెట్ ఇస్తారు గానీ అధికారం ఎవరి దగ్గరుందో దాన్ని ముట్టుకోరు.

ఇప్పుడు మీ కంపెనీకి వద్దాం. మీరు ఒక పని చేయండి, ఏదైనా ఒక్క పర్చేజ్ రిక్వెస్ట్ పట్టుకుని మొదటి నుంచి చివరి దాకా దాని టైమ్‌స్టాంపులు లాగండి, ఈఆర్‌పీలో ఈ లాగ్ ఎక్కడో ఒక చోట ఉంటుంది. రిక్వెస్ట్ ఎంటర్ చేయడానికి పది నిమిషాలు పట్టి ఉంటుంది, సెక్షన్ హెడ్ అప్రూవల్ ఒక నిమిషం, ఫైనాన్స్ అప్రూవల్ ఒక నిమిషం, పీఓ వేయడానికి ఇంకో పది నిమిషాలు, మొత్తం కలిపితే అరగంట పని కూడా ఉండదు. అయినా రిక్వెస్ట్ పెట్టిన దగ్గర్నుంచి పీఓ బయటికి వెళ్ళేదాకా వారం పైన పట్టింది. ఆ వారమంతా అది ఎవరో ఒకరి ఇన్‌బాక్స్‌లో కూర్చుంది. మీ సాఫ్ట్‌వేర్ ఆ అరగంటని ఇరవై నిమిషాలు చేసింది, దాన్నే సాఫ్ట్‌వేర్ అమ్మిన వెండర్ ప్రెజెంటేషన్‌లో ముప్పై శాతం ఇంప్రూవ్‌మెంట్ అని చూపించి ఉంటాడు, వారం మాత్రం వారంలాగే ఉంది. లెక్క సింపుల్, ఒక మేనేజర్ దగ్గర ఎప్పుడూ 40 రిక్వెస్టులు పెండింగ్‌లో ఉంటూ ఆయన రోజుకి 10 మాత్రమే చూస్తే ఒక్కోటీ సగటున 4 రోజులు ఆగుతుంది, దీన్ని లిటిల్స్ లా అంటారు, జాన్ లిటిల్ 1961లో దీనికి ప్రూఫ్ ఇచ్చాడు. ఆ 4 రోజులు తగ్గాలంటే కంప్యూటర్ స్పీడ్‌తో పని లేదు, ఆయన దగ్గరికి వచ్చే రిక్వెస్టులు తగ్గాలి, చిన్న మొత్తాలకి అప్రూవలే అవసరం లేదనాలి. పాతరోజుల్లో ఫైలు మోసుకెళ్ళాలి కాబట్టి రెండు సంతకాలతో సరిపెట్టుకునేవాళ్ళు, సిస్టమ్‌లో ఒక క్లిక్కే కదా అని ఐదు లెవెల్స్ పెట్టేస్తారు. ఇది నేను చాలా చోట్ల చూశా, పని ఈజీ అయ్యే కొద్దీ దాన్ని ఇంకా ఎక్కువ చేయిస్తారు.

రెండోది ఎక్సెల్. ఈఆర్‌పీ పెట్టిన ఏ ఆఫీసులోనైనా స్టోర్స్ అసిస్టెంట్ పక్కన ఓ అరగంట కూర్చోండి, మీకే కనిపిస్తుంది. సిస్టమ్‌లో స్టాక్ చూస్తాడు, దాన్ని నమ్మడు, డెస్క్‌టాప్ మీద తన షీట్ ఒకటి ఉంటుంది, ఫైల్ పేరు చివర ఫైనల్ న్యూ అని ఉంటుంది, అందులో చూస్తాడు, తర్వాత ఎందుకైనా మంచిదని ర్యాక్ దగ్గరికి వెళ్ళి లెక్కపెడతాడు. మూడు సార్లు చేశాడు ఒకే పని. అతన్ని తిట్టి లాభం లేదు, సిస్టమ్‌లో స్టాక్ నిజంగానే తప్పు ఉంటుంది, ఎందుకంటే స్టోర్స్ నుంచి సరుకు ఇష్యూ చేసినప్పుడు ఎంట్రీ సాయంత్రం అందరివీ కలిపి కొడతారు, ఒకే ఐటెమ్ రెండు మూడు కోడ్‌లతో ఉంటుంది, ఒకే సప్లయర్ పేరు స్పెల్లింగ్ తేడాతో మూడు సార్లు ఉంటుంది. ఈ ఐటెమ్ కోడ్‌లు, సప్లయర్ పేర్ల లిస్టుల్ని, అంటే మాస్టర్ డేటాని, క్లీన్ చేయకుండా గో లైవ్ అయితే (సిస్టమ్ వాడకంలోకి తెస్తే) జనం నమ్మరు, నమ్మకపోతే పక్కన షీట్ పెట్టుకుంటారు, షీట్ పెట్టుకుంటే సిస్టమ్ ఎంట్రీ లేట్ అవుతుంది, దాంతో డేటా ఇంకా పాడవుతుంది. అలాగని ఆ షీట్లు సేఫా అంటే అదీ లేదు. 2020లో ఇంగ్లండ్‌లో దాదాపు 16 వేల కోవిడ్ పాజిటివ్ కేసులు లెక్కలోకి రాకుండా పోయాయి, ల్యాబ్ డేటాని పాత ఎక్సెల్ ఫార్మాట్‌లోకి ఎక్కిస్తున్నారు, అందులో 65,536 వరసలకి మించి పట్టవు, మిగిలినవి చప్పుడు లేకుండా జారిపోయాయి.

ఇంకోటి, టైమ్ ఆదా అయిందని చూపించే లెక్కల్లో చాలాసార్లు ఆ టైమ్ వేరే టేబుల్ మీదకి మారి ఉంటుంది. ట్రావెల్ బిల్లులు చూసే ఇద్దరు క్లర్కులని తీసేసి సెల్ఫ్ సర్వీస్ పోర్టల్ పెడతారు. ఎకౌంట్స్ ఖర్చు తగ్గినట్టు క్లియర్‌గా కనిపిస్తుంది. కానీ ఇప్పుడు ప్రతి ఇంజనీరూ, ప్రతి సేల్స్ మనిషీ రసీదులు ఫోటోలు తీసి అప్‌లోడ్ చేస్తూ, కాస్ట్ సెంటర్ కోడ్ (ఖర్చు ఏ డిపార్ట్‌మెంట్ ఖాతాలో పడాలో చెప్పేది) ఏంటో తెలీక రిజెక్ట్ అయితే మళ్ళీ పెడుతూ కూర్చుంటాడు. క్లర్కుకి అది చేతి కింద పని, వీళ్ళకి నెలకోసారి వచ్చే తలనొప్పి, పైగా వీళ్ళ గంట ఖరీదు ఎక్కువ. ఆ గంటలు ఏ రిపోర్టులోనూ రావు.

చాట్, మెయిల్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, అందరికీ తెలిసిందే. మెసేజ్ పంపేవాడికి ఐదు సెకన్లు, గ్రూపులో ఉన్న ముప్పై మందికి తలా ఒక బ్రేక్. అందుకే పంపే ఖర్చు సున్నా అయిన కొద్దీ చదివే ఖర్చు పెరుగుతుంది.

ఫెయిల్యూర్లు కూడా చూసి పెట్టుకోండి, పైవాళ్ళకి చెప్పడానికి పనికొస్తాయి. హెర్షీ చాక్లెట్ కంపెనీ 1999లో ఈఆర్‌పీతో పాటు ఇంకో రెండు సిస్టమ్‌లు ఒకేసారి కలిపి, సీజన్ ముందు లైవ్ చేసింది, హాలోవీన్‌కి 10 కోట్ల డాలర్లకి పైగా ఆర్డర్లు పంపలేకపోయింది, గోడౌన్‌లో సరుకుండి కూడా. లిడ్ల్ అనే జర్మన్ సూపర్‌మార్కెట్ చైన్ ఏడేళ్ళు నడిపిన ప్రాజెక్టుని 2018లో వదిలేసింది, సుమారు 50 కోట్ల యూరోలు పోయాయని అప్పట్లో వార్తలు. అక్కడ గొడవ ఏంటంటే సాఫ్ట్‌వేర్ స్టాక్ విలువని అమ్మకం ధరతో లెక్కపెడుతుంది, లిడ్ల్ అలవాటు కొనుగోలు ధరతో. అలవాటు మార్చుకోం అన్నారు, సాఫ్ట్‌వేర్‌నే మార్చుకుంటూ పోయారు, తడిసి మోపెడైంది. మార్పు లేకుండా కొత్త సిస్టమ్ కావాలనుకుంటే దాని ఖర్చు కస్టమైజేషన్ (సాఫ్ట్‌వేర్‌ని మనకి తగ్గట్టు మార్పించుకోవడం) బిల్లు రూపంలో కట్టాల్సిందే.

బాగా నడిచిన చోట కూడా మొదట్లో కొన్నాళ్ళు పని తగ్గుతుంది, జనం నేర్చుకోవాలి, డేటా సర్దుకోవాలి. ఎరిక్ బ్రిన్యోల్ఫ్‌సన్ ఈ సబ్జెక్టు మీద చాలా కాలంగా పని చేస్తున్న ఎకనామిస్టు, ఆయన టీమ్ లెక్కల ప్రకారం కంప్యూటర్ల మీద పెట్టిన ఒక్కో డాలర్‌కి కంపెనీ మార్కెట్ విలువలో పది డాలర్ల దాకా కనిపిస్తుంది, మిగతా తొమ్మిదీ ట్రైనింగ్, కొత్త పద్ధతులు, అధికారాల మార్పు లాంటి కంటికి కనపడని పెట్టుబడి అని వాళ్ళ వాదన. మీ ప్రాజెక్టు బడ్జెట్ తీసి చూడండి, లైసెన్సులకి ఎంత, ట్రైనింగ్‌కి ఎంత. ట్రైనింగ్ అంటే రెండు పూటల పీపీటీ అయితే ఇక నేను చెప్పేదేం లేదు. 2012లో వచ్చిన ఇంకో స్టడీ కూడా ఇదే వైపు చూపిస్తుంది, బ్లూమ్, సాడున్, వాన్ రీనెన్ రాసింది, బ్రిటన్‌లోనే ఉన్న బ్రాంచుల్లో అమెరికన్ కంపెనీల చేతిలో ఉన్నవి అదే ఐటీ నుంచి మిగతా విదేశీ కంపెనీల కన్నా ఎక్కువ రాబట్టాయి. దేశం ఒకటే, తేడా మనుషులని పైకి తెచ్చే పద్ధతిలో, జీతాలు ప్రమోషన్లు దేన్ని బట్టి ఇస్తారన్న దాంట్లో ఉందని వాళ్ళు తేల్చారు.

మీరు ఏఐ టూల్స్ గురించి కూడా ఒక లైను అడిగారు. రెండు స్టడీలు పక్కపక్కన పెట్టుకోండి. 2023లో 5 వేల పైచిలుకు కస్టమర్ సపోర్ట్ ఉద్యోగుల మీద చూస్తే ఏఐ సహాయంతో గంటకి పరిష్కరించే కేసులు సగటున 14 శాతం పెరిగాయి, కొత్తవాళ్ళకి 34 శాతం, బాగా అనుభవం ఉన్నవాళ్ళకి దాదాపు ఏమీ లేదు. 2025లో మీటర్ (METR) అనే సంస్థ తమ కోడ్‌ని ఏళ్ళుగా ఎరిగిన 16 మంది డెవలపర్లతో చేసిన దాంట్లో ఏఐ వాడినప్పుడు పనికి 19 శాతం ఎక్కువ టైమ్ పట్టింది. అసలు తమాషా ఏంటంటే వాళ్ళని అడిగితే 20 శాతం త్వరగా అయిందని చెప్పారు. అందుకే మీ నోట్ కోసం ఉద్యోగుల సర్వే మాత్రం చేయకండి, టూల్ బాగుందా అని అడిగితే బాగుందనే అంటారు, అది ఫీలింగ్, టైమ్‌స్టాంప్ కాదు.

మరి నోట్‌లో ఏం పెట్టాలి అంటే నేనైతే మూడే నంబర్లు పెడతా. ఆర్డర్ వచ్చిన దగ్గర్నుంచి సరుకు వెళ్ళేదాకా మధ్యలో పట్టిన రోజులు, సగటు కాకుండా వరసలో మధ్యన ఉన్న ఆర్డర్‌ది, దాంతో పాటు బాగా లేటైన పదో వంతు ఆర్డర్లవి. ఒక్క ఆర్డర్‌కి మొత్తం అన్ని డిపార్ట్‌మెంట్లలో కలిపి పడ్డ మనిషి గంటలు. మొదటిసారే తప్పు లేకుండా వెళ్ళిన ఆర్డర్లు వందకి ఎన్ని. ఈఆర్‌పీ రాకముందు లెక్క లేదంటారు, పాత పీఓలు, డెలివరీ చలాన్ల మీద తేదీలు ఉంటాయి కదా, ఓ వంద తీసి చేత్తో లెక్కేయించండి, ఇద్దరికి రెండు మూడు రోజుల పని. లాగిన్ల సంఖ్య, ఎన్ని ట్రాన్సాక్షన్లు పడ్డాయి, ఎంతమందికి ట్రైనింగ్ అయింది లాంటివి వెండర్ ఇస్తాడు, వాటిని అనెక్స్చర్‌లో పడేయండి.

ఆ తర్వాత ఇంకో పేజీలో, ఈ క్వార్టర్‌లో ఆపేయాలనుకుంటున్న పనులు రాయండి, పేర్లతో సహా, ఫలానా మొత్తం లోపు రిక్వెస్టులకి అప్రూవల్ తీసేయడం, స్టోర్స్ షీట్‌ని ఫలానా తేదీ నుంచి రీడ్ ఓన్లీ, అంటే చూడడానికే తప్ప మార్చడానికి వీల్లేకుండా, చేయడం (ఐటెమ్ కోడ్‌లు క్లీన్ చేసి, ఇష్యూ ఎంట్రీ అక్కడికక్కడే పడేలా ర్యాక్ దగ్గర ఒక స్కానర్ ఇచ్చాకే, ముందే చేస్తే స్టోర్స్ వాళ్ళు మిమ్మల్ని తినేస్తారు), ఎవరూ తెరవని వారం రిపోర్టులు ఆపడం. ఒక్కోదాని పక్కన దానికి ఎవరు ఒప్పుకోవాలో వాళ్ళ హోదా రాయండి. మీటింగ్‌లో అసలు చర్చ ఆ కాలమ్ మీదే జరుగుతుంది, రెడీ అయి వెళ్ళండి.